తల్లికి కాస్త తెరిపి



మీకు తెలిసిన ఇళ్ళలో ఆటిజమో, సెరిబ్రల్ పాల్సీయో, డౌన్ సిండ్రోమో ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే, ఆ తల్లిదండ్రులిద్దరూ కలిసి ఒక పెళ్ళికి వచ్చి ఎన్నాళ్ళయిందో గుర్తు తెచ్చుకోండి. ముహూర్తానికి ఆయన వస్తాడు, రిసెప్షన్‌కి ఆమె వస్తుంది. లేదంటే ఆయనొక్కడే వచ్చి, అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, భోజనానికి కూర్చోకుండానే బయల్దేరతాడు. "కోడలు పిల్ల రాలేదేం నాయనా?" అని పెద్దమ్మ అడిగితే "ఒంట్లో బాగాలేదు పెద్దమ్మా" అంటాడు. ఏళ్ళ తరబడి అదే జవాబు. కొన్నాళ్ళకు చుట్టాలు అడగడం మానేస్తారు. ఇంకొన్నాళ్ళకు శుభలేఖ వాట్సాప్‌లో పంపి ఊరుకుంటారు.

ఇలాంటి కుటుంబాలకు అవసరమైన ఒక ఏర్పాటు గురించి ఈ పూట మాట్లాడతాను. పిల్లవాడి గురించి బాగా తెలిసిన, నమ్మకమైన మనిషి అతణ్ణి కొన్ని గంటలో, కొన్ని రోజులో చూసుకుంటే, ఆ కాసేపు తల్లిదండ్రులకు తెరిపి దొరుకుతుంది. రెస్పైట్ కేర్ అని దీనికి పేరు. ప్రత్యేక పాఠశాలల్లో, థెరపీ కేంద్రాల్లో ఏళ్ళ తరబడి తల్లులతో మాట్లాడినదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఫిజియోథెరపీ గురించి, స్పీచ్ థెరపీ గురించి, మందుల గురించి అందరూ అడుగుతారు. "నాకు ఒక పూట విశ్రాంతి కావాలి, ఎలా?" అని అడిగే తల్లి చాలా అరుదు. అలా అడగడమే తప్పని ఆమె అనుకుంటుంది.

రాత్రి సంగతి ముందు చెప్పాలి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి నిద్ర సరిగా పట్టదు. పడుకున్న రెండు గంటలకే లేచి లైట్లన్నీ వేస్తాడు, కుళాయి తిప్పుతాడు, వీధి తలుపు గడియ తీయబోతాడు. ఇక ఆ ఇంట్లో తల్లిది కోడినిద్రే. కదల్లేని పిల్లవాడైతే, ఒకే పక్కన పడుకుంటే పుండ్లు పడతాయని రాత్రి రెండు మూడుసార్లు లేచి ఒత్తిగిలించాలి. మూడేళ్ళప్పుడు చంకన వేసుకు తిరిగిన బిడ్డ పన్నెండేళ్ళకు ముప్ఫై కిలోలు తూగుతాడు. అతణ్ణి మంచం మీద నుంచి స్నానాలగదికి, అక్కణ్ణుంచి కుర్చీలోకి ఎత్తీ ఎత్తీ వచ్చిన నడుం నొప్పి ఏ డాక్టరు చీటీలోనూ కనిపించదు. ఎందుకంటే ఆస్పత్రికి వెళ్ళేది పిల్లవాడి కోసం. "మీకెలా ఉందమ్మా?" అని అడిగే టైము ఆ ఓపీలో ఎవరికుంటుంది? ఆడపిల్ల ఉన్న ఇంట్లో, ఆమె ఈడేరే వయసు దగ్గరపడుతుంటే తల్లికి మొదలయ్యే భయాలు వేరు. అవి ఆమె భర్తతో కూడా పూర్తిగా చెప్పుకోదు.

ఇదంతా శరీరం తన మీద రాసి పెట్టుకుంటుందా అంటే, పెట్టుకుంటుందనే అంటున్నారు శాస్త్రవేత్తలు. కాలిఫోర్నియాలో ఎలిస్సా ఎపెల్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ కలిసి చేసిన ఒక పరిశోధన 2004లో అచ్చయింది. అందులో పాల్గొన్న తల్లులు 58 మంది. వాళ్ళలో 39 మంది దీర్ఘకాలిక జబ్బున్న పిల్లలను పెంచుతున్నవాళ్ళు, మిగతావాళ్ళు ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లులు. మన కణాల్లో క్రోమోజోముల కొసన టెలోమియర్లు అని ఉంటాయి. వయసు మీదపడేకొద్దీ అవి కురచవుతాయి. విపరీతమైన ఒత్తిడిలో ఉన్నామని చెప్పిన తల్లుల్లో అవి, ఒత్తిడి తక్కువని చెప్పిన తల్లుల కంటే కనీసం పదేళ్ళు అదనంగా వయసు మీదపడితే ఎంత కురచవుతాయో అంత కురచగా ఉన్నాయి. బిడ్డను సాకిన ఏళ్ళు ఎక్కువైన తల్లుల్లో ఈ తరుగు మరీ ఎక్కువ. 58 మంది అంటే చిన్న లెక్కే, నిజమే. కానీ ఇరవై ఏళ్ళుగా నేను చూస్తున్న ముఖాలకు ఆ లెక్క సరిపోతోంది.

ఇందులో ఒక మెలిక ఉంది. కష్టం ఒకేలా ఉన్నా అందరిలో నష్టం ఒకేలా లేదు. ఆ కష్టాన్ని ఎంత భారంగా అనుభవిస్తున్నారన్న దాన్ని బట్టి తేడా వచ్చింది. పిల్లవాడి స్థితి మన చేతిలో లేకపోవచ్చు. తల్లి మోసే బరువును పంచుకోవడం మాత్రం చుట్టూ ఉన్నవాళ్ళ చేతిలో ఉంది.

ఇంకో పాత మాట కూడా చెప్పాలి. సైమన్ ఓల్షాన్‌స్కీ అనే అమెరికన్ 1962లో ఒక వ్యాసం రాశాడు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు వచ్చే దుఃఖం ఒకసారి ఏడ్చేస్తే తీరిపోయేది కాదనీ, అది జీవితాంతం వస్తూ పోతూ ఉంటుందనీ, దాన్ని జబ్బుగా చూడొద్దనీ అందులో వాదించాడు. పక్కింటి పిల్ల పదో తరగతి పాసైన రోజు, తమ్ముడి కొడుకు ఒడుగు రోజు, ఊరికే మనసు కలతబారే తల్లులు నాకు తెలుసు. "ఇన్నేళ్ళయింది కదా, ఇంకా అలవాటు పడలేదా?" అనడం దయలేని మాట.

మనకు ఉమ్మడి కుటుంబాలున్నాయి, మనకెందుకు ఈ ఏర్పాట్లు అనేవాళ్ళున్నారు. ఉన్నాయి, కథల్లో. ఇప్పుడు అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు, తాతయ్యకు షుగరు. పదిహేనేళ్ళ మనవణ్ణి పట్టుకుని ఆపగలిగే శక్తి వాళ్ళకు లేదు. పైగా మన చుట్టరికాల్లో సాయం కంటే ముందు సలహా వస్తుంది. మేనరికం చేసుకున్నందుకే ఇలా పుట్టాడంటారు, గ్రహణం పట్టిన రోజు కత్తి ముట్టుకుందంటారు, ఫలానా గుడికి తీసుకెళ్ళలేదంటారు. చివరికి తల్లిదే తప్పని తేలుతుంది. తండ్రులందరూ తప్పించుకుంటారని నేననను. రాత్రంతా కొడుకును బండి మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పి, నిద్రపుచ్చి తెచ్చే తండ్రులు ఉన్నారు. అయితే ఉద్యోగం మానేది మాత్రం దాదాపు ఎప్పుడూ ఆమే. ఇంట్లో పెద్ద కూతురుంటే ఆమె పన్నెండేళ్ళకే రెండో తల్లి అవుతుంది. తమ్ముడి డైపర్ మార్చి బడికి వెళ్తుంది. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు తమ్ముడి సంగతి దాచాలా చెప్పాలా అని ఇంట్లో గుసగుసలు జరుగుతుంటే పక్క గదిలో ఉండి వింటుంది.

చేదుగా ఉన్నా ఇంకో మాట చెప్పక తప్పదు. "పెళ్ళి చేస్తే బాగవుతాడు" అంటూ ఒక పేదింటి పిల్లను తెచ్చి, మేధో వైకల్యం ఉన్న కొడుక్కి కట్టబెట్టే కుటుంబాలు మన దగ్గర ఉన్నాయి. ఇంట్లో వాళ్ళ భారం దించుకోవడానికి ఇంకో ఆడపిల్ల మెడలో తాళి కడుతున్నారు. సమాజం న్యాయమైన ఏర్పాటు చూపకపోతే, జనం ఇలాంటి అన్యాయమైన ఏర్పాట్లు వెతుక్కుంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. విశ్రాంతి మాట ఎత్తగానే తల్లి అనే మొదటి మాట, "నా బిడ్డను నాలా ఎవరు చూస్తారు?" ఎవరూ చూడరు. నిజం. ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ముద్ద పెడితే నోరు తెరవని పిల్లలున్నారు. అందుకు తల్లికి లోపల కొంచెం గర్వం కూడా ఉంటుంది, తప్పేం లేదు. కానీ అదే తల్లి నన్ను గుమ్మం దగ్గర ఆపి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకొకటుంది. "మా తర్వాత వీడికెవరు?" ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ రోజు రెండు గంటలు ఇంకొకరి దగ్గర ఉండటం నేర్చుకోని బిడ్డ, రేపు తల్లి లేని రోజున ఒక్కసారిగా ఎలా నేర్చుకుంటాడు? తల్లి ఆస్పత్రిలో చేరిన రోజున, అంబులెన్స్ వాకిట్లో ఉండగా, కొత్త మనిషి వచ్చి అతని చెయ్యి పట్టుకుంటే ఆ పిల్లవాడికి లోకం తలకిందులవుతుంది. కాబట్టి విశ్రాంతి తల్లికి మాత్రమే సంబంధించినదని నేననుకోను. ఇంకో ఇద్దరు ముగ్గురు మనుషులను నమ్మడం, వాళ్ళ చేతి ముద్ద తినడం ఆ పిల్లవాడు నేర్చుకోవలసిన చదువుల్లో ఒకటి. అది నేర్పడానికి తల్లి ఆరోగ్యంగా, ఓపికగా ఉన్న రోజులే మంచివి.

ఎలా మొదలుపెట్టాలి? అవసరం పడిన రోజున మొదలుపెట్టకూడదు. పిన్నిగారో, పక్కింటి వదినగారో, ప్రత్యేక పాఠశాలలో పనిచేసే ఆయాయో, ఒకరిని అనుకోండి. మొదటి రెండు మూడుసార్లు ఆమె ఊరికే వచ్చి కూర్చోవాలి. తల్లి పక్కనే ఉండగా అతనితో ఆడాలి, ఒక బిస్కట్టు పెట్టాలి. తర్వాత తల్లి వంటింట్లో ఉండాలి, ఆమె హాల్లో ఉండాలి. ఆ తర్వాత తల్లి వీధి చివర కూరల బండి దాకా వెళ్ళిరావాలి. చెప్పకుండా వెనక గుమ్మంలోంచి జారుకోవద్దు. మాటలు రాని పిల్లవాడికైనా సరే, "అమ్మ వెళ్తోంది, వస్తుంది" అని చెప్పి, వీలుంటే తన ఫొటో చూపించి వెళ్ళాలి. ఏడుస్తాడు. ఏడుపు మొదటివారం ఎక్కువే ఉంటుంది. తిరిగి వస్తుందన్న సంగతి నాలుగైదుసార్లు రుజువయ్యాక తగ్గుతుంది. కొందరికి చాలాకాలం పడుతుంది, వాళ్ళతో తొందరపడొద్దు.

ఒక నోటుపుస్తకం పెట్టమని తల్లులందరికీ చెబుతుంటాను. మొదటి పేజీలో ఫిట్స్ మందు పేరు, ఎంత, ఎప్పుడు అన్నది రాయాలి. తర్వాత పిల్లవాడి భాష రాయాలి. చెవులు మూసుకుంటే మిక్సీ చప్పుడు పడలేదని, ప్యాంటు లాగుతుంటే బాత్‌రూముకని, తల గోడకు కొడుతుంటే పన్నో చెవో నొప్పి పెడుతోందేమో చూడాలని. కుక్కరు విజిల్‌కి భయపడతాడా, ఏ పాట పెడితే కుదురుకుంటాడు, పెరుగన్నం మెత్తగా కలపాలా, ద్రవాలు మింగేటప్పుడు పొలమారుతుందా అనేవి కూడా. తల్లి తలలో మాత్రమే ఉన్న ఈ సమాచారమంతా కాగితం మీదకు వస్తే, ఆమెకు సగం బెంగ తగ్గుతుంది. రాస్తూ రాస్తూ, తనకు తెలిసింది ఇంతుందా అని ఆశ్చర్యపోయిన తల్లులున్నారు.

ఫిట్స్ గురించి చూసుకునేవాళ్ళకు విడిగా నేర్పాలి. ఇప్పటికీ మన ఊళ్ళలో ఫిట్స్ రాగానే తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు, నోట్లో చెంచా కుక్కుతారు. రెండూ వద్దు. పిల్లవాడిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

భయాల్లో ఒకటి మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. మాటలు రాని బిడ్డకు అవతలివాళ్ళు కీడు తలపెడితే ఎలా తెలుస్తుంది? ముఖ్యంగా ఆడపిల్లలకు, నిజానికి మగపిల్లలకు కూడా, ఈ ప్రమాదం ఉంది. అందుకే ఒక మనిషిని ఎంచుకునేటప్పుడు మొహమాటం పనికిరాదు. మీరు చెప్పకుండా మధ్యలో రావచ్చు అనే షరతుకు ఒప్పుకోని మనిషీ వద్దు, ఒప్పుకోని సంస్థా వద్దు. స్నానం ఎవరు చేయిస్తారు, రాత్రి ఎవరు పక్కన ఉంటారు, తలుపులు ఎలా ఉంటాయి అని అడగండి. ఇంటికి వచ్చాక పిల్లవాడి ఒంటి మీద గుర్తులు, నిద్రలో మార్పు, ఫలానా మనిషిని చూడగానే బిగుసుకుపోవడం గమనించండి. అతనికి మాటలు లేవు గానీ చెప్పే దారులు ఉన్నాయి.

ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? మన దేశంలో ఇలాంటివారి కోసం ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం చేసింది. తాత్కాలిక సంరక్షణ కేంద్రాల మాట ఆ చట్టంలోనే ఉంది. ఆ ట్రస్టు కింద సమర్థ్ అనే పథకం తాత్కాలిక వసతికి, ఘరౌందా అనేది జీవితకాలపు వసతికి, నిరామయ అనేది ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమాకు వచ్చాయి. నిరామయలో థెరపీ ఖర్చు కూడా కలుస్తుంది. ఇది తెలియని తల్లిదండ్రులు ఇప్పటికీ ఎంతోమంది ఉన్నారు, తప్పకుండా అడిగి తెలుసుకోండి. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 28వ అధికరణంలో కూడా ఈ విశ్రాంతి సంరక్షణ ప్రస్తావన ఉంది. 2007లో మన దేశం దాన్ని ఆమోదించింది.

కాగితం మీద అంతా బాగుంది. అయినా నాకు నచ్చనిదొకటుంది. కుటుంబం సంక్షోభంలో పడినప్పుడు ఆదుకోవాలి అన్న దృష్టే చట్టంలో బలంగా కనిపిస్తుంది. సంక్షోభం వచ్చేదాకా ఎందుకు ఆగాలి? తల్లి కుప్పకూలాక తెరిచే తలుపు కంటే, వారానికో పూట తెరిచి ఉండే తలుపు ఎక్కువ పనిచేస్తుంది. పైగా ఇలాంటి కేంద్రాలు ఎక్కువగా పట్నాల్లోనే ఉంటాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఉంది. దూరాల నుంచి వచ్చిన కుటుంబాలు కొన్నాళ్ళుండి శిక్షణ పొందడానికి అక్కడ కాటేజీలు కూడా ఉన్నాయి. మంచి ఏర్పాటు. కానీ పాడేరు నుంచో, ఆసిఫాబాద్ నుంచో ఒక కూలి తల్లి ప్రతి నెలా అక్కడికి రాలేదు.

పింఛను సంగతి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను ఆరు వేలయింది, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి పదిహేను వేలు. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. సదరం సర్టిఫికెట్టు కోసం ఎన్ని తిప్పలు పడ్డా, చేతికొచ్చే ఆ డబ్బు ఆ ఇళ్ళకు పెద్ద ఆసరా. కాకపోతే ఆ డబ్బు పిల్లవాడి పేరిట వస్తుంది, మందులకు, ఆటో చార్జీలకు ఖర్చవుతుంది. చూసుకునే మనిషి కష్టానికి విడిగా లెక్క కట్టిన రాష్ట్రం కేరళ. ఆశ్వాసకిరణం అనే పథకం కింద పూర్తికాలం సాకేవాళ్ళకు నెలకు 600 రూపాయలు ఇస్తుంది. మొత్తం చిన్నదే. అయినా ఆ పనిని పనిగా గుర్తించింది. అంతకంటే ముఖ్యం, అక్కడి పంచాయతీలు ఇలాంటి పిల్లల కోసం బడ్స్ స్కూళ్ళు నడుపుతున్నాయి. 2004లో తిరువనంతపురం జిల్లా వెంగానూరులో మొదలైంది ఆ ప్రయత్నం. పగలంతా పిల్లవాడు ఊళ్ళోనే, నడిచి వెళ్ళే దూరంలో ఉంటే, తల్లి పనికి వెళ్ళగలదు.

మన రెండు రాష్ట్రాల మండలాల్లో ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజున వరండాలో తల్లులు వరసగా కూర్చుని ఉంటారు. పిల్లవాడి కోసం వచ్చి మూడు గంటలు అక్కడే కాళ్ళు ముడుచుకుని ఎదురుచూస్తారు. గది ఉంది, శిక్షణ పొందిన టీచరు ఉన్నారు, పిల్లలు ఒకరికొకరు తెలుసు. ఆ కేంద్రానికి ఒక ఆయాను అదనంగా ఇచ్చి, వారానికి ఒక పూట తల్లులను ఇంటికో పొలానికో వెళ్ళిరమ్మంటే సరిపోదా? కొత్త భవనం అక్కర్లేదు, కొత్త పథకానికి పేరు పెట్టనక్కర్లేదు. ప్రభుత్వం చేసేదాకా ఆగకుండా ఆ వరండాలో తల్లులే వంతులు వేసుకోవచ్చు. ఈ వారం ఇద్దరు తల్లులు ఐదుగురు పిల్లలను చూస్తే, మిగతా ముగ్గురికి తీరిక. ఇలాంటి బిడ్డను చూడటం ఎలాగో వాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ సంగతి కొంచెం వేరు. కాలిఫోర్నియాలో 1969 నాటి లాంటర్‌మన్ చట్టం కింద రీజనల్ సెంటర్లు ఇన్ని గంటల రెస్పైట్ అని మంజూరు చేస్తాయి. అక్కడి తెలుగు కుటుంబాల్లో కొందరు ఇప్పటికీ ఆ దరఖాస్తు పెట్టడానికి సంకోచించి, విజిటర్ వీసా మీద అత్తగారినో అమ్మనో పిలిపించుకుంటారు. దరఖాస్తు పెట్టండి, అది మీ హక్కు.

ప్రభుత్వోద్యోగులైతే రెండు విషయాలు తెలుసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు ఉన్న 730 రోజుల చైల్డ్ కేర్ లీవుకు, వికలాంగులైన పిల్లల విషయంలో వయసు పరిమితి లేదు. అలాంటి పిల్లలను సాకే కేంద్రోద్యోగులకు మామూలు బదిలీల నుంచి మినహాయింపు ఇవ్వాలని 2014లో ఉత్తర్వులు వచ్చాయి. ఇక ఉద్యోగంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తించేది ఒకటుంది: బిడ్డకు పద్దెనిమిదేళ్ళు నిండాక తల్లిదండ్రులు చట్టప్రకారం సంరక్షకులుగా ఉండాలంటే, కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. ఆ వయసు రాగానే ఆ పని చూసుకోండి.

ఇది వింటున్న తల్లుల్లో ఎవరికైనా, బిడ్డతో సహా ఇక చాలు అనిపించే రాత్రులుంటే, 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డ తల్లి అయిపోరు. మీరు నిద్రపోయి చాలా రోజులైందని మాత్రం అది చెబుతోంది.

చుట్టాలకు, ఇరుగుపొరుగుకు ఒక్క మాట. "ఏమైనా కావాలంటే చెప్పమ్మా" అనకండి. ఆమె చెప్పదు. "శనివారం నాలుగు నుంచి ఆరు దాకా నేను ఉంటాను వదినా" అనండి, అన్నట్టే వెళ్ళండి. మొదటిసారి వెళ్ళినప్పుడు స్వీట్లు పట్టుకెళ్ళక్కర్లేదు, ఫిట్స్ మందు ఏ అరలో ఉందో అడగండి, ఆ నోటుపుస్తకం ఒకసారి చదవండి. ఆ రెండు గంటల్లో ఆమె గుడికి వెళ్తుందో, బ్యూటీ పార్లర్‌కి వెళ్తుందో, పక్క గదిలో తలుపేసుకుని పడుకుంటుందో, అది ఆమె ఇష్టం. తిరిగొచ్చాక ఎక్కడికెళ్ళావని అడగొద్దు. వచ్చే శనివారం ఎన్ని గంటలకు రావాలో మాత్రం అడిగి రండి.